ఆగిపోయిన పైపు పొగాకు బ్లెండ్ల కోసం వెతకాలా, వద్దా: అడుగడుగునా చూసుకోవాల్సినవి

మాది టంగుటూరు దగ్గర పల్లె. నాన్నకు రెండు బ్యారన్లు, అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే గదులు, ఉండేవి, చిన్నప్పుడు క్యూరింగ్ రోజుల్లో రాత్రుళ్ళు ఆయనతో పాటు బ్యారన్ దగ్గరే పడుకునేవాణ్ణి, అందుకని వర్జీనియా రకం పొగాకు ఆకు వాసన నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అమెరికా వచ్చాక పైపు అలవాటైంది. ఆ తర్వాత చాలామందికి పట్టుకునే పిచ్చే నాకూ పట్టుకుంది: ఇప్పుడు తయారు కాని బ్లెండ్లు (రకరకాల ఆకులు కలిపిన మిశ్రమాలు), మూతపడ్డ కంపెనీల టిన్నులు, ఎవరో ఇరవై ఏళ్ళ కిందట కొని అటక మీద మర్చిపోయిన డబ్బాలు వెతకడం. కొన్నిటికి పెట్టిన డబ్బు సార్థకమైంది, కొన్నిటికి పూర్తిగా వృథా అయింది. ఏది ఎందుకు అలా అయిందో వివరంగా రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. పైపు పొగ సురక్షితం కాదు. పొగ లోపలికి పీల్చకపోయినా నోరు, నాలుక, గొంతు క్యాన్సర్ల ప్రమాదం ఉంది, నికోటిన్ అలవాటు అవుతుంది. ఇప్పటిదాకా తాగనివాళ్ళు దీన్ని చదివి మొదలుపెట్టవద్దు. ఇది ఇప్పటికే పైపు తాగుతూ, పాత టిన్ను మీద మూడంకెల డాలర్లు పెట్టాలా వద్దా అని టెన్షన్ పడుతున్నవాళ్ళ కోసం.

మొదట అడగాల్సింది: ఎందుకు ఆగిపోయింది?

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే, చాలామంది దాటేసేదీ ఇదే. "ఆగిపోయింది" అనే ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు సంగతులు ఉంటాయి. పేరు మాత్రమే పోవడం ఒకటి, తయారుచేసే ఫ్యాక్టరీ మారడం ఇంకొకటి, అసలు ఆకే దొరక్కుండా పోవడం మూడోది. ఈ మూడిటికీ ఒకే ధర పెట్టడం తప్పు.

పేరు పోయినదానికి డన్‌హిల్ మంచి ఉదాహరణ. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో లండన్‌లోని డ్యూక్ స్ట్రీట్‌లో దుకాణం తెరిచి, ఒక్కో ఖాతాదారుకు నచ్చిన పాళ్ళలో పొగాకు కలిపి ఇచ్చేవాడు. మై మిక్స్చర్ 965 అనే పేరులోని అంకె ఆ కాలం నుంచి వచ్చిందే. 1980ల మొదట్లో తయారీ బెల్‌ఫాస్ట్‌లోని మర్రేస్ కంపెనీకి వెళ్ళింది, ఆ ఫ్యాక్టరీ కూడా మూతపడ్డాక డెన్మార్క్‌లోని ఓర్లిక్ కంపెనీకి వెళ్ళింది. 2018లో డన్‌హిల్ పేరుతో పైపు పొగాకు రావడం ఆగిపోయింది, అప్పుడు జనం ఎగబడి టిన్నులు కొన్నారు, ధరలు చూస్తుండగానే రెట్టింపు దాటాయి. మరుసటి సంవత్సరమే నైట్‌క్యాప్, ఎర్లీ మార్నింగ్ పైప్, 965, ఎలిజబెతన్ మిక్స్చర్ వంటివన్నీ పీటర్సన్ పేరుతో తిరిగి వచ్చాయి, చేసేది అదే డెన్మార్క్ తయారీదారు. అంటే 2015 నాటి డన్‌హిల్ నైట్‌క్యాప్ టిన్నుకు ఎవరైనా నాలుగింతలు అడిగితే ఆ డబ్బులో ఎక్కువ భాగం లేబుల్‌కే పోతుంది. నా సలహా సూటిగా: కొనవద్దు. పీటర్సన్ టిన్ను తీసుకుని నాలుగేళ్ళు అటక మీద కాకుండా చల్లని చోట పెట్టుకోండి.

ఫ్యాక్టరీ మారినవాటి దగ్గర ఆగి ఆలోచించాలి, ఎందుకంటే కొన్నిసార్లు పేరు అదే ఉండి లోపలి సరుకు వేరు అయిపోతుంది. త్రీ నన్స్ అనే బ్లెండ్ దీనికి అసలైన ఉదాహరణ. గ్లాస్గోలోని బెల్ కంపెనీది, నాణేల్లా గుండ్రంగా కోసిన పొగాకు, పాత రోజుల్లో అందులో పెరీక్ ఉండేది. పెరీక్ అంటే లూసియానాలో సెయింట్ జేమ్స్ పారిష్ అనే చిన్న ప్రాంతంలో, విస్కీ పీపాల్లో ఆకును గట్టిగా అదిమి, సుమారు ఏడాది పాటు తన రసంలోనే పులియబెట్టి చేసేది, మిరియపు ఘాటూ ఎండు పండ్ల పులుపూ కలిసిన రుచి. డెన్మార్క్ కంపెనీ మెక్ బారెన్ చేసిన కొత్త త్రీ నన్స్‌లో పెరీక్ లేదు, దాని బదులు కెంటకీ ఆకు ఉంది. నాణెం ఆకారం అదే, పేరు అదే, రుచి మాత్రం వేరే ఇంటి వంట. కాబట్టి పాత త్రీ నన్స్ కోసం వెతికేవాళ్ళను నేను తప్పుపట్టను. కానీ వాళ్ళకు నిజంగా కావలసింది వర్జీనియా, పెరీక్ కలిసిన నాణెం కోత అయితే ఎస్కుడో అనే బ్లెండ్ ఇప్పటికీ దొరుకుతుంది, ముందు అది తాగి చూడండి, బహుశా వెతుకులాట అక్కడే ముగుస్తుంది.

బాల్కన్ సోబ్రానీ అనే బ్లెండ్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. ఆగిపోయిన తర్వాత 2011లో జెర్సీ ద్వీపంలోని జర్మెయిన్ కంపెనీ దాన్ని మళ్ళీ చేసింది. పాతది తాగినవాళ్ళలో సగం మంది దగ్గరగా ఉందంటారు, సగం మంది కానే కాదంటారు. నేను రెండూ తాగాను, దగ్గరగానే ఉందనిపించింది, తేడా ఎక్కువగా వయసుదే అని నా అభిప్రాయం.

ఆకే పోయిన చోట

ఇక మూడోది. వెతకడానికి నిజంగా విలువైనవి ఇక్కడే ఉన్నాయి.

కాన్సస్ సిటీలో మెక్‌క్లెల్లండ్ అనే కంపెనీ ఉండేది, 1977లో మొదలైంది. 2018లో మూసేశారు. తమకు కావలసిన నాణ్యత ఉన్న అమెరికన్ వర్జీనియా ఆకు దొరకడం కష్టమైపోవడం మూతకు ముఖ్యమైన కారణం. మన ప్రాంతంలో పొగాకు ఎరిగినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకే రకం విత్తనమైనా నల్లరేగడిలో పండినదీ, పశ్చిమ గోదావరి తేలిక నేలల్లో పండినదీ ఒకటి కాదు, ఒకే చేలో కింది ఆకూ పై ఆకూ ఒకటి కాదు, ఒకే బ్యారన్‌లో మంట ఒక రాత్రి సరిగా చూసుకోకపోతే గ్రేడు పడిపోతుంది. వేలం ఫ్లోరు మీద బేళ్ళు వరసగా పెట్టినప్పుడు కొనేవాడు చేత్తో తీసి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని ఎంచుకుంటాడు. అమెరికాలో ఎవరు ఎంత పొగాకు అమ్మవచ్చో ప్రభుత్వం పరిమితి పెట్టే కోటా పద్ధతి 2004 చట్టంతో రద్దయ్యి, ఆకు చాలావరకు పెద్ద కంపెనీల కాంట్రాక్టుల్లోకి వెళ్ళిపోయింది. చిన్న బ్లెండర్ అలా వెళ్ళి తనకు కావలసిన పండిన ఆకు ఏరుకునే వీలు తగ్గిపోయింది. సిగరెట్టుకు కావలసిన ఆకు వేరు, పైపుకు కావలసిన తీపి ఉన్న పండు ఆకు వేరు.

రెండేళ్ళ కిందట నాన్న వచ్చినప్పుడు మెక్‌క్లెల్లండ్ వాళ్ళ క్రిస్మస్ చీర్ టిన్ను ఒకటి తెరిచాను. ఆయన పైపు తాగరు, ఏనాడూ ముట్టలేదు. ఒక ఫ్లేక్ (ఆకును అదిమి పలచగా కోసిన ముక్క) చేతిలోకి తీసుకుని విప్పి, వెలుతురులో పట్టుకుని చూసి, "ఒరేయ్, ఇది బాగా పండాక కొట్టిన ఆకురా, తొందరపడలేదు వాళ్ళు" అన్నారు. నలభై ఏళ్ళు ఆకు చూసిన మనిషి. ఆ టిన్నుకు నేను పెట్టిన ధర గురించి ఆ తర్వాత మళ్ళీ ఆలోచించలేదు.

కాబట్టి మెక్‌క్లెల్లండ్ వర్జీనియాలు, అంటే క్రిస్మస్ చీర్, బ్లాక్‌వుడ్స్ ఫ్లేక్, 5100 రెడ్ కేక్ వంటివి, సరైన స్థితిలో దొరికితే ఒకటి కొనుక్కోవచ్చని నా మాట. ఒకటి. అదే కంపెనీ ఫ్రాగ్ మోర్టన్‌కు పేరు ఇంకా ఎక్కువ, ధర కూడా ఎక్కువే, కానీ అది లటాకియా మీద నడిచే బ్లెండ్, దాని సంగతి కింద చెప్తాను.

సిరియా లటాకియా కూడా ఈ కోవలోదే. లటాకియా అంటే ఆకును కట్టెల పొగలో నెలల తరబడి ఆరబెట్టేది, పొగ వాసన, తోలు వాసన. ఇప్పుడు బ్లెండ్లలో దొరికేది దాదాపు అంతా సైప్రస్ రకమే. సిరియాది మెత్తగా, కొంచెం ద్రాక్షసారా పులుపుతో ఉండేది. సిరియా ఆకు ఉన్న పాత టిన్ను స్నేహితుడి దగ్గర ఉంటే ఒక్క గిన్నె (పైపును ఒకసారి నింపేంత పొగాకు) అడిగి తాగి చూడండి, జీవితంలో ఒకసారి రుచి తెలియడం మంచిదే. దాని కోసం వేలం పాటలో పోటీ పడమని మాత్రం చెప్పను.

2024లో స్కాండినేవియన్ టొబాకో గ్రూప్ మెక్ బారెన్‌ను కొనేసింది, దాంతో పాటు మెక్ బారెన్ చేతిలో ఉన్న సట్లిఫ్ కంపెనీ కూడా వాళ్ళకు వెళ్ళింది, ఆ తర్వాత రెండిటి జాబితాల్లోంచి చాలా బ్లెండ్లు తీసేశారు. ఇక్కడ నా నియమం వేరు. మీరు ఇప్పటికే రోజూ తాగే బ్లెండ్ వాటిలో ఉంటే, మామూలు ధరకు దగ్గరలో దొరికినప్పుడే కొన్ని టిన్నులు దాచుకోండి, ఐదేళ్ళ తర్వాత ఈ ధర ఉండదు. ఎప్పుడూ తాగని బ్లెండ్‌ను, పోతోందన్న భయంతో పది టిన్నులు కొనకండి. ఆ భయాన్నే అమ్మేవాళ్ళు సొమ్ము చేసుకుంటారు.

రెండో అడుగు: ఆ రకం ఆకు మాగుతుందా, వాడిపోతుందా?

పాత బియ్యం వండితే అన్నం బాగా ఒదుగుతుంది, పొడిపొడిగా వస్తుంది. పాత నువ్వులు మాత్రం ముక్కిపోతాయి. పాతది కాబట్టి మంచిదని అన్నిటికీ చెప్పలేం, పొగాకులోనూ అంతే.

వర్జీనియాలో చక్కెర ఎక్కువ, అది మాగుతుంది. మొదటి రెండు మూడేళ్ళలో మార్పు బాగా తెలుస్తుంది, ఐదు నుంచి పదిహేనేళ్ళ మధ్య చాలావాటికి మంచి వయసు, పదునైన అంచులు పోయి ఎండు ఖర్జూరం తీపి వస్తుంది. పెరీక్ కలిసినవి కూడా బాగా మాగుతాయి. బర్లీ అనే ఆకు రకం పెద్దగా మారదు. లటాకియా తగ్గుతూ వస్తుంది: పదేళ్ళు దాటాక పొగ వాసన మెత్తబడి, ఇరవై ఏళ్ళకు అడుగున ఉన్న వర్జీనియా, ఓరియంటల్ ఆకులే పైకి వస్తాయి. కొందరికి అదే ఇష్టం. కానీ లటాకియా ఘాటు కోసం ముప్పై ఏళ్ళ టిన్ను కొంటే నిరాశే. వెనిలా, చెర్రీ, రమ్ము వంటి పైపూత ఉన్న వాసన బ్లెండ్లు పాతవి వెతకవద్దు, పూత మసకబారుతుంది తప్ప మెరుగుపడదు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని ఒప్పుకోవడానికి నాకే చాలా కాలం పట్టింది. 1990లో చేసిన టిన్నును ఇవాళ తెరిస్తే మనకు దొరికేది 1990లో జనం తాగిన రుచి కాదు. వాళ్ళు తాజాగా తాగారు, మనం ముప్పై ఏళ్ళకు పైగా మాగినది తాగుతున్నాం. "పాత రోజుల్లో పొగాకు ఎంత బాగుండేదో" అనే మాటల్లో చాలాభాగం ఆ టిన్ను వయసు గొప్పతనమే. అది ఇవాళ కొన్న టిన్నుకూ వస్తుంది, కావలసింది ఓపిక.

మూడో అడుగు: టిన్ను పరీక్ష

ఇక్కడ నేను డబ్బు పోగొట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా. పాత త్రీ నన్స్ టిన్ను ఒకటి ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర కొన్నాను. ఫొటోలో పైమూత మెరుస్తూ ఉంది. ఇంటికి వచ్చాక తిప్పి చూస్తే అడుగు అంచు చుట్టూ తుప్పు, సూదిమొనంత చిల్లులు రెండు. లోపల పొగాకు ఎండిపోయి అట్టపెట్టె వాసన. అడుగు ఫొటో అడగకపోవడం నా తప్పు.

కొనేముందు ఇవి అడగండి. అడుగు ఫొటో, అంచు ఫొటో, మూత అంచు చుట్టూ ఫొటో. తుప్పు తరచుగా లోపలి నుంచే వస్తుంది, పొగాకులోని తేమ, ఆమ్లం కలిసి రేకును తింటాయి, బయటికి కనిపించేసరికి పని అయిపోయి ఉంటుంది. టిన్నును చెవి దగ్గర ఊపుతూ ఒక చిన్న వీడియో తీసి పంపమనండి. సన్నగా కోసిన పొగాకు గలగలమంటే ఎండిందనే. ఫ్లేక్ అయితే ముద్దగా అతుక్కుని ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష అంతగా పనికిరాదు.

తూకం ఇంకా నమ్మదగినది. 50 గ్రాముల పొగాకులో పదును, అంటే తేమ, సుమారు 18 శాతం ఉందనుకోండి, అంటే 9 గ్రాముల నీరు. అది 10 శాతానికి ఎండితే మొత్తం బరువు దాదాపు నాలుగున్నర గ్రాములు తగ్గుతుంది. అదే రకం ఖాళీ టిన్ను ఎవరి దగ్గరైనా ఉంటే దాని బరువు కనుక్కుని, దానికి పొగాకు 50 గ్రాములు కలిపి, వంటింటి డిజిటల్ త్రాసు మీద ఈ టిన్ను బరువుతో పోల్చండి. నాలుగైదు గ్రాములు తక్కువ వస్తే సీలు పోయినట్టే లెక్క.

మూత మధ్యలో నొక్కితే టక్కుమని లోపలికీ బయటికీ ఆడుతుంటే వ్యాక్యూమ్ పోయి ఉండవచ్చు. అయితే ఉబ్బిన టిన్ను చూసి భయపడకండి, వర్జీనియా మాగేటప్పుడు గ్యాసు వచ్చి కొన్నిసార్లు ఉబ్బుతుంది. గుండ్రని టిన్నులు సీలును బాగా నిలుపుకుంటాయి. నలుచదరపు, పొడవాటి పలచని టిన్నులు మూలల దగ్గర గాలి వదులుతాయి, వాటికి ఎప్పుడూ తక్కువ ధరే చెప్పండి.

ఏ కాలం టిన్నో లేబుల్ చెప్తుంది. డన్‌హిల్ మీద మర్రేస్, బెల్‌ఫాస్ట్ అని ఉంటే ఒక కాలం, డెన్మార్క్ అని ఉంటే ఆ తర్వాతిది. ఆరోగ్య హెచ్చరిక ఎంత పెద్దగా ఉంది, ఏ దేశం పన్ను చీటీ ఉంది అన్నవి కూడా చూడండి. అమ్మేవాడు చెప్పిన సంవత్సరాన్ని లేబుల్ బలపరచకపోతే వదిలేయండి. గాజు సీసాలో పోసి "ఇది 1995 నాటిది" అని అమ్మేదాన్ని, ఆ మనిషి మీకు బాగా తెలిస్తే తప్ప, అస్సలు ముట్టవద్దు. సీసాకు వయసు చెప్పే లేబుల్ ఉండదు.

నాలుగో అడుగు: గిన్నె లెక్క

టిన్ను ధర చూస్తే తల తిరుగుతుంది, గిన్నె ధర చూస్తే బుద్ధి నిలుస్తుంది. పైపు గిన్నెలో రెండు నుంచి మూడు గ్రాములు పడుతుంది, అంటే 50 గ్రాముల టిన్నుకు పదిహేడు నుంచి పాతిక గిన్నెలు. రెండు వందల డాలర్ల టిన్ను అయితే ఒక్కో గిన్నె ఎనిమిది నుంచి పన్నెండు డాలర్లు. నలుగురు స్నేహితులు కలిసి కొంటే తలా యాభై, తలా నాలుగు నుంచి ఆరు గిన్నెలు, రుచి తెలియడానికి అది చాలు. నేను ఇప్పుడు ఒంటరిగా కొనడం దాదాపు మానేశాను, ఈ పద్ధతే బాగుంది. పైగా నలుగురు తాగితే ఎవరికి ఏం తెలిసిందో మాట్లాడుకోవచ్చు.

చట్టం సంగతి కూడా చూసుకోండి. లైసెన్సు లేకుండా పొగాకు అమ్మడం చాలాచోట్ల చట్టవిరుద్ధం, అందుకే పెద్ద వేలం సైట్లు పొగాకును నిషేధించాయి. పాత స్టాకు అమ్మే లైసెన్సు ఉన్న దుకాణాలు ఉన్నాయి, మొదట వాటినే చూడండి. ఇండియాకు తీసుకెళ్ళేవాళ్ళకు 2016 బ్యాగేజీ నిబంధనల్లో సుంకం లేకుండా 125 గ్రాముల పొగాకే ఉండేది, అంటే 50 గ్రాముల టిన్నులు రెండు. ప్రయాణానికి ముందు తాజా నిబంధన ఒకసారి చూసుకోండి.

కంటికి కనిపించనంత అరుదైన ప్రతిదీ ఆగిపోయినది కాదని కూడా గుర్తుంచుకోవాలి. ఎసోటెరికా పేరుతో వచ్చే పెంజాన్స్, స్టోన్‌హేవెన్ బ్లెండ్లు ఆగిపోకుండానే ఏళ్ళ తరబడి దొరకనివిగా పేరు పడ్డాయి, వాటిని చేసే జర్మెయిన్ చిన్న ఫ్యాక్టరీ కావడంతో కొంచెం కొంచెంగానే వస్తాయి. వీటికి ఆగిపోయిన ధర పెట్టకండి, దుకాణం వాళ్ళకు చెప్పి ఉంచి మీ వంతు కోసం ఎదురుచూడండి.

ఐదో అడుగు: తెరిచాక

టిన్ను తెరవగానే కాల్చవద్దు. మెక్‌క్లెల్లండ్ వర్జీనియాలు తెరిస్తే టమాటా కెచప్ లాంటి పుల్లటి వాసన గుప్పుమంటుంది, పాడైపోయిందనుకుని పారేసినవాళ్ళు ఉన్నారు. అది వాళ్ళ పద్ధతి, కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. ఫ్లేక్ మీద తెల్లగా మెరిసే పొడి కనిపిస్తే వెలుతురులో భూతద్దం పెట్టి చూడండి. పంచదార పలుకుల్లా తళుక్కుమంటే స్ఫటికాలు, మంచిదే. దూదిలా, వెంట్రుకల్లా ఉంటే, లేక ఆకుపచ్చ, నీలం రంగు ఉంటే, తడి గోనెసంచి వాసన వస్తే అది బూజు. ఎంత పెట్టి కొన్నా మొత్తం పారేయండి, బూజు ఉన్న ముక్క తీసేసి మిగతాది తాగడం వద్దు.

ఎండిపోయి ఉంటే తొందరపడి నీళ్ళు చిలకరించవద్దు. ఒక గిన్నెలో పొగాకు పలచగా పరిచి, పైన తడిపి గట్టిగా పిండిన శుభ్రమైన బట్ట తగలకుండా కప్పి, గంటకోసారి చేత్తో కలిపి చూడండి. బ్యారన్ నుంచి దించే ముందు ఆకుకు పదును పట్టనిచ్చినట్టే, నెమ్మదిగా. వేళ్ళ మధ్య నొక్కితే అతుక్కుని, వదిలితే మెల్లగా విచ్చుకోవాలి, అక్కడ ఆపేయాలి. యాపిల్ ముక్క వేయడం పాత చిట్కా, బూజుకు పిలుపు అది.

పోల్చి చూడడానికి మీకు బాగా అలవాటైన బ్రయర్ (కొయ్య) పైపు వాడకండి, దానిలో పాత పొగాకుల వాసన ఉంటుంది. మొక్కజొన్న కంకి పైపులు రెండు కొత్తవి తీసుకోండి, చవక. ఒకదానిలో పాతది, రెండోదానిలో దానికి దగ్గరైన ఇప్పటి బ్లెండ్. ఏది ఏదో తెలియకుండా స్నేహితుణ్ణి నింపమనండి. నేను మర్రేస్ కాలపు 965నూ, నాలుగేళ్ళు మాగిన పీటర్సన్ 965నూ ఇలా మూడు సాయంత్రాలు తాగాను. మూడిటిలో రెండుసార్లు పీటర్సన్‌నే పాతది అనుకున్నాను. ఆ రోజు నుంచి డన్‌హిల్ టిన్నుల వంక చూడలేదు. మెక్‌క్లెల్లండ్‌తో అదే పని చేస్తే మూడుసార్లూ సరిగ్గా చెప్పాను, ఆ ఆకు తేడా దాచినా దాగదు.

మిగిలిన పొగాకును చిన్న గాజు సీసాల్లో, రబ్బరు సీలు ఉన్న మూతలతో, నిండా పెట్టి ఉంచండి. ఊరగాయ జాడీ గాలిని ఆపదు, దానిలో పెట్టవద్దు. ఫ్రిజ్ వద్దు, వంటింటి అరమర వద్దు, పొయ్యి వేడి తగులుతుంది. మంచాల కింద, చీకటిగా, ఉష్ణోగ్రత మారని చోట చాలు. ప్రతి సీసా మీద టిన్ను పేరు, దాని సంవత్సరం, మీరు తెరిచిన తేదీ మూడూ రాయండి. నా దగ్గర ఇప్పుడు అలాంటి సీసాలు పదకొండు ఉన్నాయి. పీటర్సన్ 965 సీసా మీద 2031కి ముందు తెరవకూడదని రాసిపెట్టాను, దాని పక్కనే తెరవని 2012 క్రిస్మస్ చీర్ టిన్ను ఒకటి ఉంది, అది నాన్న ఈసారి వచ్చినప్పుడు ఆయన చేత్తో తెరిపించడానికి.